నీటిలో మునిగితే బరువు ఏమవుతుంది? – ఆర్కిమిడీస్ జీవితం

ఈ ప్రత్యేక సంచికలో ఒక మహనీయుని జీవితాన్ని నాలుగు మాటల్లో ముచ్చటించుకుందాం. ఆయన పేరు మనందరికీ హైస్కూలు రోజుల నుంచీ తెలిసినదే.

మన తరం వారిలో చాలామందికి నూతిలో నీళ్ళు తోడిన అనుభవం ఉండే ఉంటుంది. నిండిన చేద నీటిలో మునిగి ఉన్నంతసేపూ తాడు తేలికగానే వస్తుంది. చేద నీటి మట్టం దాటి పైకి రాగానే చేతుల మీద ఒక్కసారిగా బరువు పడుతుంది. చేదలో నీళ్ళు ఇందాకా ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. మరి ఇందాక ఆ బరువు ఏమైనట్లు? వేల సంవత్సరాలుగా ఊరూరా ఆడవాళ్ళూ మగవాళ్ళూ నీళ్ళు తోడుకున్నారు గాని, ఈ ప్రశ్నకు లెక్కతో సహా జవాబు రాసిపెట్టినవాడు ఆర్కిమిడీస్. ఇది సుమారు 2,250 ఏళ్ళ క్రితం మాట.

ఆర్కిమిడీస్ అనగానే అందరికీ స్నానాల తొట్టి కథ గుర్తుకు వస్తుంది. అది వినడానికి సరదాగానే ఉంటుంది. అయితే ఆయన జీవితంలో గట్టి ఆధారాలున్న సంగతులు ఆ కథ కంటే గొప్పవి. వాటిని వరుసగా చూద్దాం.

జననం, విద్య

ఇటలీకి దక్షిణాన సిసిలీ అనే పెద్ద ద్వీపం ఉంది. దాని తూర్పు తీరాన ఉన్న రేవు పట్టణం సిరాక్యూజ్. గ్రీకులు వలస వచ్చి కట్టుకున్న నగరం అది. ఆర్కిమిడీస్ అక్కడ క్రీ.పూ. 287 ప్రాంతంలో జన్మించాడు. మనకున్నట్లు ఆయనకు సర్వీసు రిజిస్టరు లేదు కనుక పుట్టిన తేదీ కచ్చితంగా తెలియదు. ఆయన మరణించిన సంవత్సరం క్రీ.పూ. 212. అప్పటికి ఆయనకు 75 ఏళ్ళని 12వ శతాబ్దపు రచయిత ఒకరు రాశారు. దాన్నిబట్టి వెనక్కు లెక్కకట్టిన సంవత్సరమే ఇది.

తండ్రి పేరు ఫీడియాస్. ఆయన ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఈ సంగతి ఆర్కిమిడీస్ తన గ్రంథంలో ఒకచోట తానే ప్రస్తావించాడు. ఆ రోజుల్లో విద్యకు కేంద్రం ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరం. అక్కడి పండితులతో ఆర్కిమిడీస్‌కు జీవితమంతా ఉత్తర ప్రత్యుత్తరాలు సాగాయి. కోనన్ అనే గణితజ్ఞుడంటే ఆయనకు ఎంతో గౌరవం. కోనన్ చనిపోయాక ఆ లోటు తలచుకుని బాధపడుతూ, తన కొత్త ఫలితాలను డోసిథియస్ అనే మరో పండితునికి పంపసాగాడు. ఆయన గ్రంథాల్లో చాలావాటికి ముందుమాటలు ఈ ఉత్తరాలే.

ఆ ఉత్తరాల్లో ఒక తమాషా సంగతి ఉంది. తన సిద్ధాంతాలను ఒక్కోసారి రుజువులు లేకుండా పంపేవాడు. మిగతావారు ప్రయత్నించి రుజువు చేయాలని ఆయన కోరిక. కొందరు మాత్రం ఏ శ్రమా పడకుండా, అవన్నీ తమకూ తెలుసునని చెప్పుకునేవారు. అటువంటి వారిని పట్టుకోవడానికి కావాలనే రెండు తప్పుడు సిద్ధాంతాలను మంచివాటితో కలిపి పంపినట్లు ఆయనే తరువాత బయటపెట్టాడు. ఆఫీసుల్లో పనిచేసిన మనకు ఇటువంటి మనుషులు కొత్త కాదు!

రాజుగారి కిరీటం

సిరాక్యూజ్‌ను దాదాపు 55 ఏళ్ళు పాలించిన రాజు హీరాన్. ఆర్కిమిడీస్ ఆయనకు బంధువని ప్లూటార్క్ రాశాడు. ఆ రాజు దేవుడికి సమర్పించడానికి ఒక బంగారు కిరీటం చేయించాడట. కంసాలికి ఇచ్చిన బంగారానికి, తెచ్చిన కిరీటానికి తూకం సరిపోయింది. కాని అతడు కొంత బంగారం తీసుకుని ఆ మేరకు వెండి కలిపాడని అనుమానం పుట్టింది. కిరీటం చెడగొట్టకుండా నిజం తేల్చమని రాజు ఆర్కిమిడీస్‌ను కోరాడు. ఆయన దాన్ని గురించే ఆలోచిస్తూ స్నానాల తొట్టిలో దిగాడు. ఒళ్ళు మునిగిన కొద్దీ నీళ్ళు పొర్లిపోవడం చూసి, ఉపాయం దొరికిందని కేకలు పెడుతూ ఒంటిమీద బట్టలు లేకుండానే ఇంటికి పరుగెత్తాడు. కిరీటం ఎన్ని నీళ్ళు పొర్లిస్తుందో, అంతే తూకం గల మేలిమి బంగారం ఎన్ని నీళ్ళు పొర్లిస్తుందో పోల్చి దొంగతనం పట్టుకున్నాడు. ఇదీ కథ.

ఈ కథను మనకు చెప్పినవాడు విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి. ఆయన రాసింది ఆర్కిమిడీస్ మరణించిన సుమారు 200 ఏళ్ళ తరువాత. మనకు దొరికిన ఆర్కిమిడీస్ గ్రంథాల్లో ఎక్కడా ఈ కిరీటం ఊసు లేదు. అదీగాక, ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. లెక్క వేసి చూద్దాం.

కిరీటం తూకం 1 కిలో అనుకోండి. అంతా బంగారమే అయితే దాని ఘనపరిమాణం సుమారు 52 ఘన సెంటీమీటర్లు. అందులో 300 గ్రాములు వెండి అయితే సుమారు 65 ఘన సెంటీమీటర్లు. తేడా 13 మాత్రమే. కిరీటం పట్టేందుకు 20 సెంటీమీటర్ల వెడల్పు గల గుండ్రటి పాత్ర తీసుకుంటే, నీటి మట్టంలో వచ్చే తేడా అర మిల్లీమీటరు కూడా ఉండదు. పొర్లిన నీళ్ళు పట్టి కొలిచినా, పాత్ర అంచును అంటిపెట్టుకునే చుక్కలే ఆ లెక్కను తారుమారు చేయగలవు. ఇంత సన్నని ఆధారంతో ఒక మనిషిని దొంగ అనడం న్యాయం కాదు.

ఇటలీకి చెందిన గెలీలియో 1586లో, తన 22వ ఏట, ఈ సందేహమే లేవనెత్తాడు. ఆర్కిమిడీస్ అంతటివాడు ఇంత మోటు పద్ధతి వాడి ఉండడనీ, త్రాసునే నీటిలో ఉపయోగించి ఉంటాడనీ ఆయన అభిప్రాయం. అంతకు చాలా ముందు, 1121లో, మధ్య ఆసియాలోని మెర్వ్ నగరంలో అల్ ఖాజినీ అనే పండితుడు కూడా నీటి త్రాసును వివరంగా వర్ణించి, దాన్ని ఆర్కిమిడీస్ పేరుతో ముడిపెట్టాడు.

ఆ పద్ధతి ఇది. త్రాసులో ఒకవైపు కిరీటాన్ని, రెండోవైపు అంతే తూకం గల మేలిమి బంగారాన్ని వేలాడదీయాలి. గాలిలో ముల్లు సరిగ్గా మధ్యలో నిలుస్తుంది. ఇప్పుడు రెంటినీ నీటిలో ముంచాలి. మేలిమి బంగారం 52 గ్రాముల బరువు కోల్పోయినట్లు కనిపిస్తుంది. వెండి కలిసిన కిరీటం 65 గ్రాములు కోల్పోయినట్లు కనిపిస్తుంది. అంటే కిరీటం ఉన్న వైపు 13 గ్రాములు తేలిక అవుతుంది. మన లెక్కలో తులానికి పైమాటే. ఏ కంసాలి త్రాసు అయినా ఇంత తేడాను ఇట్టే పట్టేస్తుంది.

ఆర్కిమిడీస్ నిజంగా ఇలాగే చేశాడని ఎవరూ రుజువు చేయలేరు. కాని ఈ పద్ధతికి మూలమైన సూత్రం మాత్రం నూటికి నూరుపాళ్ళూ ఆయనదే.

తేలే వస్తువుల గ్రంథం

ఆయన తేలే వస్తువుల గురించి రెండు భాగాల గ్రంథం రాశాడు. మనం బడిలో కంఠతా పట్టిన సూత్రం ఇందులోదే. ద్రవంలో మునిగిన వస్తువు, తాను పక్కకు నెట్టిన ద్రవం బరువెంతో అంత బరువు కోల్పోయినట్లు కనిపిస్తుంది. ఇందులో ముఖ్యమైన మాట కనిపిస్తుంది అన్నదే. బరువు నిజంగా పోదు. నీరు దాన్ని మోస్తుంది, అంతే.

దీన్ని సులువుగా ఇలా ఊహించుకోవచ్చు. నిలకడగా ఉన్న చెరువులో, నీటి మధ్య ఒక బిందెడు నీటిని మనసులో గీత గీసి వేరు చేయండి. ఆ నీటికీ బరువు ఉంది. అయినా అది కిందికి జారిపోవడం లేదు. అంటే చుట్టూ ఉన్న నీరు దాని బరువును సరిగ్గా మోస్తున్నదన్నమాట. ఇప్పుడు ఆ చోట అదే ఆకారం గల రాయిని ఉంచితే, చుట్టూ ఉన్న నీరు వెనకటిలాగే మోస్తుంది. రాయికి అందే ఊతం ఒక బిందెడు నీటి బరువు. మిగిలిన బరువు మాత్రమే మన చేతికి తెలుస్తుంది. నూతిలో చేద రహస్యం కూడా ఇదే. చేదలోని నీటిని బావిలోని నీరే మోస్తున్నది. చేద పైకి వచ్చాక ఆ పని మన చేతుల మీద పడుతుంది.

లెక్కలు చూసే అలవాటున్న మన సభ్యులకు మరో ఉదాహరణ. 5 కిలోల రాయి ఉంది. దాని పరిమాణం 2 లీటర్లు. దాన్ని తాడుతో స్ప్రింగు త్రాసుకు కట్టి, బకెట్టులోని నీటిలో అడుగు తగలకుండా ముంచితే త్రాసు 3 కిలోలే చూపుతుంది. మిగతా 2 కిలోలు ఏమయ్యాయి? బకెట్టు కింద ఇంకో కాటా పెట్టి చూడండి. నీళ్ళు పొర్లకుండా చూసుకుంటే, ఆ కాటా మీద సరిగ్గా 2 కిలోలు పెరుగుతాయి. ఒక ఖాతాలో తగ్గింది మరో ఖాతాలో జమ అయింది. జమాఖర్చులు సరిపోయాయి.

నెట్టిన నీటి బరువు వస్తువు బరువు కంటే తక్కువైతే వస్తువు మునుగుతుంది. వస్తువు నీటికంటే తేలికైనదైతే, తన బరువుకు సమానమైన నీటిని నెట్టేంత వరకే మునిగి, అక్కడ తేలుతుంది. ఇనుప మేకు మునిగి, ఇనుప ఓడ తేలడానికి కారణం ఇదే. ఓడ లోపల ఖాళీ ఉంది కనుక తన బరువంత నీటిని పక్కకు నెట్టగలదు.

గ్రంథం రెండో భాగం ఇంకా కఠినమైనది. తేలుతున్న వస్తువు పక్కకు ఒరిగితే తిరిగి నిటారుగా నిలుస్తుందా, బోల్తా పడుతుందా అన్న విచారణ అందులో ఉంది. పెరాబొలాయిడ్ అనే ఆకారం తీసుకుని, ఏయే కొలతల్లో అది నిలదొక్కుకుంటుందో ఆయన లెక్కకట్టాడు. ఓడ నిలకడ శాస్త్రానికి ఇదే పునాది అని చెప్పవచ్చు.

గణితంలో ఆయన చేసిన పని వేరే ఒక పెద్ద కథ. వృత్తం చుట్టుకొలత లెక్కకు మనం బడిలో వాడిన 22/7 గుర్తుందా? అసలు విలువ దానికంటే కొద్దిగా తక్కువనీ, 223/71 కంటే కొద్దిగా ఎక్కువనీ, 96 భుజాల ఆకృతులతో నిరూపించినవాడు ఆయనే.

మహానౌక

హీరాన్ రాజు ఒక బ్రహ్మాండమైన ఓడ కట్టించాడు. నిర్మాణం చేసినవాడు ఆర్కియాస్, పర్యవేక్షణ ఆర్కిమిడీస్‌ది. ధాన్యపు కొట్లు, తోటలు, వ్యాయామశాల, గ్రంథాలయం, స్నానాల గది కూడా అందులో ఉన్నాయని ప్రాచీన వర్ణన. సగం కట్టిన ఓడను నీటిలోకి దింపడం ఎవరికీ చేతకాకపోతే, ఆర్కిమిడీస్ యంత్ర సాయంతో కొద్దిమంది మనుషులతోనే దింపించాడట. ఓడ అడుగున ఊరే నీటిని ఒక్క మనిషి తోడిపోసేలా మరయంత్రం అమర్చాడట. పొలాలకు నీళ్ళు ఎత్తిపోసే ఆర్కిమిడీస్ మరను నేటికీ లోకం ఆయన పేరుతోనే పిలుస్తున్నది. అంత పెద్ద ఓడ నిలిచే రేవులు సిసిలీలో సరిగా లేవని గ్రహించిన రాజు, దాన్ని ధాన్యంతో నింపి ఈజిప్టు రాజుకు కానుకగా పంపేశాడు.

డెబ్బై దాటాక యుద్ధభూమిలో

క్రీ.పూ. 215లో హీరాన్ మరణించాడు. ఆయన రోమ్‌తో స్నేహంగా ఉండి నగరాన్ని కాపాడుకొచ్చాడు. గద్దెనెక్కిన మనుమడు కార్తేజ్ వైపు మొగ్గి, సుమారు ఏడాదికే హత్యకు గురయ్యాడు. రోమ్‌కు కోపం వచ్చింది. మార్సెల్లస్ సేనాని నాయకత్వంలో నౌకాదళమూ పదాతిదళమూ సిరాక్యూజ్‌ను ముట్టడించాయి.

అప్పటికి ఆర్కిమిడీస్‌కు 73 ఏళ్ళ ప్రాయం. మన సభ్యుల్లో చాలామంది వయసు. ఆ వయసులో నగర రక్షణ భారం ఆయన మీద పడింది. దూరానికీ దగ్గరికీ వేర్వేరుగా రాళ్ళు విసిరే యంత్రాలు గోడల మీద సిద్ధం చేయించాడు. గోడ మీదుగా ముందుకు చాచిన దూలాలకు ఇనుప కొక్కేలు కట్టించాడు. అవి గోడ దగ్గరకు వచ్చిన ఓడ ముందు భాగాన్ని పట్టి పైకెత్తి వదిలేవి. ఓడలు నీళ్ళు నిండి మునిగిపోయేవి. ఒరిగిన ఓడ ఎప్పుడు బోల్తా పడుతుందో ఆయన కంటే బాగా తెలిసినవాడు అప్పటికి లోకంలో లేడు. చివరకు గోడ మీద చిన్న తాడు ముక్క కనిపించినా, అది ఆర్కిమిడీస్ యంత్రమేనని రోమన్ సైనికులు పారిపోయేవారని ప్లూటార్క్ రాశాడు.

అద్దాలతో ఎండను మళ్ళించి ఓడలను తగలబెట్టాడన్న కథ కూడా ప్రచారంలో ఉంది. ముట్టడిని వివరంగా రాసిన పాలిబియస్, లివీ, ప్లూటార్క్ ముగ్గురిలో ఒక్కరూ దాన్ని ప్రస్తావించలేదు. కాబట్టి దాన్ని కథగానే వదిలేద్దాం.

మార్సెల్లస్ దాడులు మానుకుని, నగరానికి తిండిగింజలు అందకుండా దిగ్బంధించాడు. ప్రజలు పండుగ సంబరాల్లో ఆదమరచి ఉన్న ఒక రాత్రి రోమన్లు గోడ ఎక్కారు. క్రీ.పూ. 212లో నగరం పూర్తిగా వారి వశమైంది. ఆర్కిమిడీస్‌ను ప్రాణాలతో పట్టుకోవాలని మార్సెల్లస్ కోరుకున్నాడు. కాని లెక్కల గీతల్లో మునిగి ఉన్న ఆ వృద్ధుణ్ణి ఒక సైనికుడు కత్తితో పొడిచి చంపాడు. ఎలా జరిగిందన్న దానిపై పలు కథనాలున్నాయి. మార్సెల్లస్ ఎంతో విచారించాడన్న విషయంలో మాత్రం అవన్నీ ఏకీభవిస్తాయి. శత్రు సేనానే ఆయన బంధువులను వెతికించి ఆదరించాడు.

మరచిపోయిన సమాధి, చెరిపేసిన పుస్తకం

స్తూపంలో ఇమిడిన గోళం పరిమాణం ఆ స్తూపంలో మూడింట రెండు వంతులని ఆర్కిమిడీస్ కనుగొన్నాడు. ఆ బొమ్మనే తన సమాధిపై ఉంచమని కోరాడు. 137 ఏళ్ళ తరువాత, క్రీ.పూ. 75లో, రోమన్ అధికారిగా సిసిలీ వచ్చిన సిసిరో ఆ సమాధి ఎక్కడని అడిగితే ఊరివాళ్ళు అసలు లేనేలేదన్నారు. సిసిరో పట్టు విడవక, ముళ్ళపొదల మధ్య గోళం, స్తూపం గుర్తులను చూసి దాన్ని పోల్చుకుని శుభ్రం చేయించాడు. తరువాతి కాలంలో ఆ సమాధి మళ్ళీ కనుమరుగైంది.

తేలే వస్తువుల గ్రంథానికీ దాదాపు అదే గతి పట్టింది. 1269లో చేసిన లాటిన్ అనువాదం పుణ్యమా అని విషయం నిలిచింది గాని, గ్రీకు మూలం ఎక్కడా లేదనుకున్నారు. 10వ శతాబ్దంలో తోలు కాగితాల మీద రాసిన ఒక ప్రతిని ఎవరో విప్పి, అక్షరాలు గీకివేసి, 1229లో అదే తోలు మీద ప్రార్థనలు రాసుకున్నారు. ఆ రోజుల్లో తోలు ఖరీదు ఎక్కువ, అందుకే అలా చేసేవారు. 1906లో హైబర్గ్ అనే డెన్మార్క్ పండితుడు, ఇప్పుడు ఇస్తాంబుల్ అని పిలుస్తున్న నగరంలో, ఆ ప్రార్థన పుస్తకాన్ని పరిశీలిస్తూ అక్షరాల అడుగున ఆర్కిమిడీస్ వాక్యాలున్నట్లు పోల్చుకున్నాడు. తేలే వస్తువుల గ్రంథానికి గ్రీకు ప్రతి లోకంలో అదొక్కటే.

తరువాత ఆ పుస్తకం మళ్ళీ మాయమైంది. 1998లో న్యూయార్క్ వేలంలో ప్రత్యక్షమై, 20 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. కొన్నవారు పేరు చెప్పుకోలేదు గాని, పరిశోధన కోసం దాన్ని బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియంకు అప్పగించారు. సుమారు పదేళ్ళు పండితులు, ఇంజనీర్లు కలిసి రకరకాల కాంతుల్లో ఫోటోలు తీసి, ఎక్స్‌రే కిరణాలతో సిరాలోని ఇనుము జాడలను పట్టుకుని, చెరిపేసిన వాక్యాలను చదివారు. ఆ చిత్రాలను 2008లో ప్రజలందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు.

నేడు మన మధ్య

ఆయన సూత్రం నేటికీ మన మధ్య పనిచేస్తూనే ఉంది. పాలలో నీళ్ళు పట్టే లాక్టోమీటరు దాని బిడ్డే. ఓడ ఎంత సరుకు వేసుకోవచ్చో సూచించే గీత ఓడ పక్కన ఉంటుంది. శామ్యూల్ ప్లిమ్సాల్ పోరాటం ఫలితంగా 1876లో బ్రిటన్‌లో అది చట్టమైంది. ఎందరో నావికుల ప్రాణాలు దానివల్ల నిలిచాయి. విశాఖపట్నం రేవుకు వచ్చే ఓడల పక్కన కూడా ఆ గీతలు చూడవచ్చు. మంచినీటికి, సముద్రపు నీటికి వేర్వేరు గీతలు. ఉప్పునీరు బరువైనది కనుక అందులో ఓడ కొంచెం పైకి తేలుతుంది. అదే నగరంలో 2002 నుంచి ప్రదర్శనకు ఉంచిన కురుసుర జలాంతర్గామిని మనుమలకు చూపించేటప్పుడు, అది తొట్లలోకి నీరు నింపుకుని మునిగేదనీ, గాలి ఒత్తిడితో ఆ నీటిని బయటికి నెట్టి తేలేదనీ చెప్పండి.

మోకాళ్ళ నొప్పులున్నవారికి కొందరు వైద్యులు నీటిలో నడవమని సలహా ఇస్తారు. నడుము లోతు నీటిలో నిలబడితే కాళ్ళ మీద పడే భారం దాదాపు సగానికి తగ్గుతుంది. అందులో మందు లేదు, మాయ లేదు. మన బరువులో కొంత నీరు మోస్తున్నది.

ఒక నగరం కోసం వృద్ధాప్యంలోనూ శ్రమించి, ప్రాణం పోయే క్షణంలోనూ చేస్తున్న పనిని వదలని మనిషి ఆర్కిమిడీస్. ఆయనను చంపిన సైనికుడి పేరు ఎవరికీ తెలియదు. ఆయన అక్షరాలను మాత్రం ఒకరు రాసి పెట్టారు, ఒకరు అనువదించారు, ఒకరు వెతికి పట్టుకున్నారు, కొందరు ఏళ్ళ తరబడి కూర్చుని చదివారు. ఒక మనిషి ఆలోచనను ఇన్ని తరాల వాళ్ళు తలా కొంత మోసుకొచ్చి మన చేతికి అందించారు. సెలవుల్లో మనుమలు ఇంటికి వచ్చినప్పుడు ఒక రాయి, ఒక తాడు, ఒక బకెట్టు నీళ్ళు తెచ్చి ఈ సంగతి వారికి చూపించండి. ఆ వరుసలో మన పెద్దల వంతు అది.